గోడకంటిన మసి

ఆ పొర కూడా పనికిరాలేదు.

కాశింబీ పటకారుతో పొర పట్టిన స్ఫటికం ముక్కను దీపం కింద పెట్టి, దాని మీద నల్లబడిన రక్తం ఒక చుక్క వేసి, కళ్ళార్పకుండా చూసింది. పొర బతికున్నదైతే గుక్క తిప్పుకునేలోపు ఆ చుక్క మందారం రంగుకు తిరగాలి. ఇది తిరగలేదు. వంకాయ రంగులో మొండికేసి కూర్చుంది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, దాంతోపాటు ఒళ్ళు కూడా మండింది. స్ఫటికాన్ని పళ్ళెంలోకి గిరాటేసింది. పళ్ళెం నిండా అలాంటివే ఉన్నాయి.

"ఇంకోటి వేద్దాం మేడమ్," అన్నాడు ఇమ్మానియేలు. ఒంగోలు దగ్గరి ఆ పరిశోధనశాలలో ఆమెతో కలిసి పనిచేసే రసాయన శాస్త్రవేత్త అతను. నిదానస్తుడు. ఎదుటివాళ్ళు అరిచినా అతని గొంతు మారదు. ఆ నిదానమే ఈ మధ్య ఆమెకు కోపం తెప్పిస్తోంది.

"వేద్దాం. వెయ్యక చేసేదేముంది?"

గంగాళమంత స్టీలు ఛాంబర్. అందులో మాత్రలాగా ఒత్తి కాల్చిన ఆక్సైడు బిళ్ళ ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. దానికి ఎదురుగా ఎర్రగా కాలే పొయ్యి మీద స్ఫటికం. లోపలి గాలంతా లాగేసి, పిసరంత ఆక్సిజన్ వదిలి, లేజర్‌తో బిళ్ళను కొడతారు. ఆ లేజర్ కంటికి కనపడదు. టక్, టక్‌మని దెబ్బ పడినప్పుడల్లా బిళ్ళ మీంచి ఊదారంగు మంట నాలుకలా లేచి, స్ఫటికాన్ని నాకి, ఆరిపోవడం మాత్రం కిటికీ అద్దంలోంచి కనపడుతుంది. నాకిన ప్రతిసారీ అక్కడ కాస్త పేరుకుంటుంది. వేల దెబ్బలు పడితే గానీ పొర అవదు. అయ్యాక కూడా అది వెంట్రుక మందంలో వందోవంతు ఉండదు.

ఆ కాస్త మందం మీదే ఆమె అన్న ప్రాణం వేలాడుతోంది.

అన్న పేరు మస్తాన్. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర, మీసాలు రాకముందే చేరినవాడు. చెల్లెలు చదువుతున్నన్నాళ్ళూ రాతిపొడి పీల్చాడు, ఆమె డాక్టరేటు పట్టా తీసుకున్న ఏడు మొదటిసారి రక్తం కక్కాడు. ఊపిరితిత్తులు రాయిలా బిగుసుకుపోయాయి. ముక్కుకు సిలిండర్ పెట్టినా గాలి లోపలికి దిగదు. అందుకే కాశింబీ ఊపిరితిత్తుల జోలికే పోకుండా ఇంకో దారి వెతికింది. రక్తాన్ని చేతినరం నుంచి సన్నటి గొట్టంలోకి తీసి, ఈ పొర మీదుగా పారించి, మళ్ళీ నరంలోకి పంపడం. పొర మీద దీపం వెలుగు పడితే చాలు, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను విరగ్గొట్టి ఆక్సిజన్‌ను అక్కడికక్కడే రక్తానికి ఇచ్చేస్తుంది. అగ్గిపెట్టెంత స్టీలు డబ్బా, మోచేతికి ఒక పట్టీ. అనుమతులన్నీ వచ్చి మొదట దాన్ని కట్టించుకున్నది మస్తానే. కట్టిన రోజు మంచం మీంచి లేచి, వీధి చివరిదాకా నడిచి వెళ్ళి, అరటిపళ్ళు కొనుక్కొచ్చాడు. ఆ రోజు కాశింబీ నవ్విన నవ్వు ఆమెకే కొత్త.

ఒక్కో పొర ఒక ఋతువు పనిచేస్తుంది, తర్వాత అలిసిపోతుంది. మార్చాలి. మార్చడానికి ఇప్పుడు కొత్త పొర లేదు.

* * *

"ఇయ్యాల కూడా రాలేదా అమ్మాయ్?" అంది వదిన హుసేనమ్మ, తలుపు తీస్తూనే.

కాశింబీ చెప్పులు విడిచి లోపలికి నడిచింది. అన్నా వదినా ఆమె క్వార్టర్స్‌లోనే ఉంటున్నారు. ముందుగదిలో మంచం మీద మస్తాన్ మూడు దిండ్లు వెనక పెట్టుకుని కూర్చుని, ఫోన్లో మాట్లాడుతున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. పోయిన నెల అట్లా ఆగేవాడు కాదు.

"తొందరేంది పేరమ్మా... నా చెల్లెలు... ఊరుకునే మనిషా? అందరికీ... ఇచ్చిద్ది."

పేరమ్మ అతని పక్క మిషను మీద పలకలకు చట్రాలు బిగించిన పిల్ల. ముప్పయ్యేళ్ళు లేవు. ఆమెకూ అదే జబ్బు. ఆమెకే కాదు, ఆ వరసలో పనిచేసిన అందరికీ ఎంతో కొంత ఉంది. వాళ్ళందరికీ మస్తాన్ ఊళ్ళో పెళ్ళికి పిలిచినట్టు ఫోన్లు చేసి చెప్పుకున్నాడు, మా కాశీ మందు కనిపెట్టింది, మీ వంతు కూడా వస్తుంది అని.

వంటింట్లోకి రాగానే హుసేనమ్మ గొంతు తగ్గించింది. "రాత్రంతా కూకునే ఉండాడు. పడుకుంటే ఊపిరి ఆడట్లా. గోళ్ళు చూశావా, నేరేడుపళ్ళ మాదిరి అయినయ్. ఇంతకుముందు చేసినట్టే చెయ్యరాదా? చేసిందానివేగా నువ్వు!"

"అట్నే చేస్తున్నా వదినా. అదే పొడి, అదే మిషను, అదే నేను. రావట్లా."

"రాకపోతే ఎట్టా?" అంది హుసేనమ్మ.

* * *

జవాబు ఒక అల్మరా అడుగున దొరికింది.

మంచి పొరలన్నీ ఇచ్చిన పాత బిళ్ళ తాలూకు విరిగిన ముక్క, చిటికెనవేలి గోరంత, డబ్బాలో పడి ఉంది. కొత్త బిళ్ళ పాలమీగడలా తెల్లగా ఉంటుంది. ఈ ముక్క బూడిద రంగులో, మధ్య మధ్య నల్లటి చుక్కలతో, ఎక్కడో ఏరుకొచ్చిన పెంకులా ఉంది. కాశింబీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఛాంబర్లో బిగించి కొద్ది దెబ్బలు మాత్రం కొట్టించింది. స్ఫటికం మీద చీమతలంత మరక పడింది. రక్తం చుక్క వేస్తే ఆ మరక ఉన్నచోట, అంతమేరకే, ఎర్రబడింది.

"దీంట్లో ఏదో ఉంది మేడమ్," అన్నాడు ఇమ్మానియేలు.

అదెక్కడిదో కాశింబీకి అప్పుడు తట్టింది. తట్టగానే స్టూలు మీద కూలబడింది.

బిళ్ళ ఒత్తే ఆక్సైడు పొడి విదేశం నుంచి రావాలి. వచ్చేది కాదు. కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు పోయేసరికి ఏడాది తిరిగేది. లేజర్ కొట్టినప్పుడు లేచిన పదార్థంలో స్ఫటికానికి అంటేది కొంచెమే, మిగతాదంతా ఛాంబర్ గోడలకు మసిలా పట్టి వృథా అవుతుంది. చిన్నప్పుడు కుండ అడుగున మాడిన అన్నం కూడా గీకి పెట్టిన ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. చూస్తూ ఊరుకోలేక, గోడలను చెంచాతో గీకి, ఆ పొట్టు నూరి, మళ్ళీ బిళ్ళ చేసింది. వేరే దేశంలో ఏ శాస్త్రవేత్తా ఆ పని చెయ్యడు. చేశానని ఎక్కడా చెప్పుకోడు కూడా. ఆ బిళ్ళే పనిచేసింది. అప్పుడామె తన పొదుపును మెచ్చుకుందే గానీ, అది ఎవరి మసి అని ఆలోచించలేదు.

ఆ ఛాంబర్ ఆమె కంటే ముందునుంచీ అక్కడుంది. ఎందరో విద్యార్థులు అందులో ఏవేవో లోహాలు కాల్చారు, పట్టాలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళందరి మిగులూ పొర మీద పొరగా ఆ గోడలకు అంటుకుని ఉంది. అందులో ఏదో ఒకటి, ఉప్పురాయంత, ఆమె పొరకు ప్రాణం పోసింది. ఆ ఏదో ఒకటి వాడుకలో హరించుకుపోతోంది కాబట్టే పొర ఋతువు తిరిగేసరికి అలిసిపోతోంది. వాడేసిన పొరల్లో ఇప్పుడు వెతికినా అది ఉండదు.

మరి ఆ గోడల మీది మసి ఏది?

మన దగ్గర పెద్దమనిషి వస్తున్నాడంటే ముందు సున్నం బకెట్టు బయటికొస్తుంది. ఆమె కనిపెట్టిందాన్ని చూసి, అందరికీ తయారుచేయడానికి ఆమోదం ఇవ్వడానికి ఢిల్లీ నుంచి ఒకాయన వస్తున్నాడని తెలియగానే పరిశోధనశాల పెళ్ళివారిల్లయింది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. పూలకుండీలకు ఎర్రరంగు వేశారు, కొన్నింటిలో మొక్కలకు కూడా పడింది. ఛాంబర్ అద్దంలా మెరవాలని డైరెక్టరు అన్నాడు. ఎవరికో అప్పజెప్పడం ఇష్టంలేక కాశింబీయే చీరకొంగు దోపుకుని, ఆసిడ్ పోసి, పీచు పెట్టి, గోడలను రుద్ది రుద్ది కడిగింది. అన్నకు వచ్చిన ఊపిరి అందరికీ వస్తుందన్న సంబరంలో పాట కూడా పాడుకుంది. వచ్చినాయన ఆ స్టీలులో తన మొహం చూసుకుని, క్రాపు సర్దుకుని, "చాలా శుభ్రంగా ఉంచారు" అన్నాడు. ఆ తర్వాతే కొత్త పొడి వచ్చింది, తెల్లటి బిళ్ళలు మొదలయ్యాయి.

"నేనే కడిగాను ఇమ్మానియేలు గారూ," అంది ఆమె. "నా చేతుల్తో, నేనే."

అతను ఓదార్చబోతే వినకుండా లేచి వెళ్ళి సింకు కింద కూర్చుంది. గొట్టం మెలికను పానాతో విప్పింది. లోపలి బురదను చేత్తో తోడింది. ముక్కు బద్దలయ్యే కంపు. దాన్ని ఆరబెట్టి, కాల్చి, నూరి, ఒత్తి బిళ్ళ చేసింది. ఇమ్మానియేలు వద్దనలేదు, పక్కన నిలబడి అందించాడు. లేజర్ దెబ్బకు ఊదారంగు మంటకు బదులు పసుపుపచ్చ మంట లేచింది. సబ్బూ, ఉప్పూ, ఇన్నేళ్ళ మురికీ. రక్తం చుక్క కదలలేదు. అయినా ఆమె బయటి కాలువ దగ్గరికి పోయింది. వానకు కాలువలోని బురద ఎప్పుడో కొట్టుకుపోయింది.

* * *

మిగిలింది ఆ గోరంత ముక్క.

"దీన్నుంచి ఒక పొర వస్తది," అన్నాడు ఇమ్మానియేలు. "నిండుగా ఒకటే. లేదంటే ఆసిడ్‌లో కరిగించి, ఏమేం ఉన్నాయో మిషనులో చూడొచ్చు. అది తెలిస్తే ముందుముందు ఎందరికైనా చెయ్యొచ్చు."

"సగం సగం?"

"సగంతో పొర మందం చాలదు. సగం కరిగిస్తే మనం వెతికేది మిషనుకి అందదు. అసలే అది పిసరంత."

"పొర వేసినాక గోడలకంటింది గీకితే?"

"ఇంత ముక్కనుంచి అంటేది పొగ మేడమ్. గీకితే స్టీలే వస్తది. అందులో అది మునిగిపోద్ది." అతను మొదటిసారి తడబడ్డాడు. "మీరేం చెయ్యమంటే అది చేస్తా. నన్ను మాత్రం అడగొద్దు."

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ఏమీ దాచలేకపోయింది. ముక్క ఉందనీ, ఒక పొర వస్తుందనీ, రెండో దారి కూడా ఉందనీ వంటింట్లో వదినకు చెప్పేసింది. హుసేనమ్మ చేతిలోని చపాతీ కర్ర పక్కన పెట్టింది.

"రెండో దారి నాకు చెప్పమాక," అంది. "పేరమ్మకో, ఇంకోరికో వస్తదని నా మొగుడు పోవాల్నా? ఆయన రాయి కోసిందెవరి కోసం? నీ ఫీజుల కోసం కాదా?"

"వదినా..."

"నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు. రేపు పొర తెస్తానని చెప్పు."

కాశింబీ పెట్టింది. మనస్ఫూర్తిగానే పెట్టింది. తెస్తాను వదినా అంది. ప్రపంచం ఏమైపోయినా సరే, అన్నకు ఇంకో ఋతువు. ఆ మాట అన్నాక గుండె మీది బరువు దిగి, కడుపు నిండా అన్నం తింది.

* * *

పొద్దున పరిశోధనశాల వరండాలో ఒక ఆడమనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాశింబీని చూసి లేవబోయి, దగ్గు తెరలో మళ్ళీ కూర్చుండిపోయింది.

"నేను పేరమ్మనక్కా. మస్తానన్న చెప్పుంటాడు. మొదటి బస్సుకే వచ్చినా."

"ఇప్పుడు పొరలు లేవమ్మా," అంది కాశింబీ, ఎక్కడ నిలబడితే మాట మెత్తబడుతుందోనని నడుస్తూనే.

"నా కోసం అడగట్లా అక్కా. మా తమ్ముడు మొన్న అదే మిషను కాడ చేరినాడు. నేను పడుకుంటే ఇంట్లో జరగాల గదా. వద్దని కొట్టినా కూడా, వినలా." పేరమ్మ గుండె అరచేత్తో అదుముకుని, ఊపిరి కూడగట్టుకుంది. "ఎప్పుడని అడగను. ఎన్నేళ్ళన్నా కానీ. వస్తదా, రాదా? అది చెప్పు చాలు. వస్తదంటే ఆడిని తిట్టకుండా పనికి పంపిస్తా. రాదంటే కాళ్ళు విరగ్గొట్టయినా ఆపుతా."

వస్తుంది అనడం ఎంత తేలిక! ఎందరికో ఎన్నో అబద్ధాలు చెబుతాం. కానీ ఆ మాటను నమ్ముకుని ఒక కుర్రవాడు రాతిపొడిలోకి నడిచి పోతాడు. రాదు అని చెప్పినా, వాడొక్కడే ఆగుతాడు, వాడి పక్కవాడు ఆగడు. కాశింబీ తలుపు తోసింది.

"లోపలికొచ్చి మంచినీళ్ళు తాగు," అని మాత్రం అంది.

ఛాంబర్లో ముక్క బిగించే ఉంది. పొయ్యి ఎర్రగా కాలుతోంది. మీట మీద ఆమె వేలుంది. గది కిటికీ అవతల పేరమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, గుక్కకూ గుక్కకూ ఆగి నీళ్ళు తాగుతోంది, అచ్చం అన్నలాగే. కాశింబీ అన్నను తలుచుకుంది. దేవుడిని కూడా తలుచుకుంది, చాలా ఏళ్ళ తర్వాత. తలుచుకుని, ఆయన్ని తిట్టింది. పొయ్యి ఆర్పేసింది. చల్లారేదాకా అక్కడే నిలబడి, ముక్కను విప్పి, ఇమ్మానియేలు చేతిలో పెట్టింది.

"కరిగించండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె గోడవైపు తిరిగింది. గాజు గిన్నెలో ముక్క బుసబుసమని పొంగి, లేత ఆకుపచ్చ నీరైపోయింది. అంతటితో అన్న చేతికి కట్టదగ్గ పొర ఈ భూమి మీద లేదు.

మిషను నాలుగు లోహాల పేర్లు చెప్పింది. ఏదో ఒకటి అయ్యుండాలి, లేదా ఏ రెండో కలిసి అయ్యుండాలి. పాళ్ళు తేల్చాలి. "దొరుకుద్ది మేడమ్, కచ్చితంగా దొరుకుద్ది," అన్నాడు ఇమ్మానియేలు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. "వచ్చే వేసవికల్లా." ఇది ఇంకా కార్తీకమే.

వరండాలో పేరమ్మతో ఆమె నిజమే చెప్పింది. "వస్తదమ్మా. కానీ నీ తమ్ముడిని ఇప్పుడు మాత్రం పంపమాక." ఆ పిల్ల కాళ్ళ మీద పడబోతే వెనక్కు జరిగింది.

* * *

ఇంటికి ఉత్తచేతులతో పోలేకపోయింది. పళ్ళెంలోంచి ఒక పొర తీసి డబ్బాలో బిగించుకుంది. తెల్లటి బిళ్ళ నుంచి పుట్టిన, ప్రాణం లేని పొర. దారి పొడుగునా నిజం చెప్పేయాలనే అనుకుంది. గుమ్మంలో హుసేనమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని ఎదురొచ్చింది.

"తెచ్చినావా?"

"తెచ్చాను," అంది కాశింబీ.

మస్తాన్ మంచం పక్కన మోగుతున్న రేడియో తగ్గించి, చెయ్యి చాపాడు. ఆమె పాత డబ్బా విప్పి కొత్తది కట్టింది. వదిన సాయం పట్టింది. గొట్టాల్లో రక్తం కదిలింది. డబ్బా పక్కన దీపం గుర్తు వెలిగింది. అది వెలుగుకే గుర్తు, ఊపిరికి కాదు. ఆ సంగతి హుసేనమ్మకు తెలియదు.

మంచి పొర కట్టగానే మోచెయ్యి నుంచి చంకదాకా చల్లగా పాకుతుందని మస్తాన్ ఎప్పుడూ అంటుండేవాడు. ఇప్పుడు అతను చూపు డబ్బా మీద పెట్టి కాసేపు ఎదురుచూశాడు. తర్వాత తల ఎత్తి చెల్లెలి వైపు చూశాడు. కాశింబీ కళ్ళు దించుకుంది.

"ఎట్టుంది?" అంది హుసేనమ్మ, ముందుకు వంగి.

"దిగింది," అన్నాడు మస్తాన్. "చల్లగా దిగింది."

హుసేనమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే ఆడబిడ్డ రెండు బుగ్గలూ నిమిరి, మెటికలు విరిచి, పాయసం చేస్తానని లోపలికి పోయింది.

"నిన్న... మీ మాటలు విన్నా. కరిగించినావా?" అన్నాడు అతను మెల్లగా.

కాశింబీ మంచం పట్టె మీద తల ఆనించింది. "అవునన్నా."

"దొరికిందా?"

"దొరుకుద్ది. పేరమ్మ వాళ్ళకి అందుతది. నీకే..." తల ఎత్తకుండానే అంది. "నిన్ను చంపుకున్నానన్నా. గోడలు కడిగి ఒకసారి, ఇప్పుడింకోసారి."

అతనికీ బతకాలనే ఉంది. అది మొహంలో దాగలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆమె జుట్టులో వేళ్ళు పెట్టి, చిన్నప్పుడు గుంజినట్టు కొంచెం గుంజాడు.

"మీ వదినకి... చెప్పమాక. నేను పోయినాక... నిన్ను మార్కాపురం ఇంటి గుమ్మం తొక్కనీదు. నీకు... ఇంకెవరుండారు?"

వంటింట్లోంచి యాలకుల వాసన వచ్చింది. హుసేనమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి, ఎట్టా ఉందయ్యా, నిజంగా బాగుందా అని మళ్ళీ అడిగింది. మస్తాన్ దిండ్ల మీంచి నిటారుగా లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ మంచానికి అదిమి పెట్టి, మెడనరాలు ఉబ్బుతుంటే, గొంతు పెంచి చెప్పాడు.

"బ్రహ్మాండంగా ఉంది, పాయసంలో జీడిపప్పు ఎక్కువెయ్యి, రేపు నేనే పోయి గోంగూర తెస్తా, పప్పు చేసుకుందాం."

అంత మాటా ఎక్కడా ఆగకుండా చెప్పి, ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయేదాకా తనూ నవ్వుతూనే ఉన్నాడు. ఆమె కనుమరుగయ్యాక చెల్లెలి భుజం మీద వాలిపోయాడు. అతను నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్న చప్పుడు వంటింటిదాకా పోకుండా, కాశింబీ చెయ్యి చాపి రేడియో సౌండు పెంచింది.